పిల్లప్ప తెల్లకోటు

ఆనేకల్‌లో పిల్లప్ప డాక్టరు. బెంగళూరులో ఎలుకల బోన్లు కడిగేవాడు. రెంటికీ మధ్య ముప్పయ్యారు కిలోమీటర్ల బస్సు ప్రయాణం. ఆ దారిలో ఎక్కడో ఆయనకు రోజూ సాయంత్రం పట్టా వచ్చేది, మర్నాడు పొద్దున ఊడిపోయేది.

నేను ఆయన పనిచేసిన పరిశోధనా సంస్థలో గుమాస్తాను. పేరు శామ్యూల్, మాది నంద్యాల. సంస్థ పేరు చెప్పను. చెబితే అక్కడి పెద్దలు సంతోషిస్తారు. వాళ్ళను సంతోషపెట్టే పని ఇరవై ఏళ్ళు జీతం తీసుకుని చేశాను, ఇప్పుడు ఊరికే చేసే ఓపిక లేదు.

పిల్లప్పవాళ్ళు ఆనేకల్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, కోపమొస్తే రెండూ. చిన్నప్పుడే తల్లి పోతే అక్క సొన్నమ్మ పట్టు మగ్గం నేసి తమ్ముణ్ణి పెంచింది, ఏడో తరగతి దాకా చదివించింది. 1993లో మా యానిమల్ హౌస్‌లో దినకూలీగా చేరాడు. ప్రయోగాలకు వాడే ఎలుకలు ఉండే చోటు అది. బోన్లలో ఊక మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం, బోన్లు కడిగి బోర్లించడం ఆయన పని. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఎలుక మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో ఒడిసిపట్టి ఎత్తితే అది కిక్కురుమనేది కాదు. పీహెచ్‌డీ చేసే పిల్లలందర్నీ కరిచిన ఎలుకలు పిల్లప్పను కరవలేదు.

ఇక డాక్టరు సంగతి. యానిమల్ హౌస్‌లో పనిచేసే ప్రతివాడికీ ఒక తెల్లకోటు ఇస్తారు. 1996 వరకూ వాటిని సంస్థ చాకలి ఉతికేవాడు. పొదుపు చేయాలని పెద్దలకు బుద్ధి పుట్టి చాకలిని మాన్పించి, ఎవరి కోటు వాళ్ళింట్లోనే ఉతుక్కోమన్నారు. పొదుపు చేయాలనుకున్నప్పుడు మా పెద్దల కన్ను చాకలి కంటే పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. పిల్లప్ప శనివారం కోటు ఇంటికి తెచ్చాడు, ఆదివారం వీధిలో దండెం మీద ఆరేశాడు. దానికి తగిన అర్థం వీధే తీసుకుంది.

మొదట ఎదురింటామె దగ్గే బిడ్డను ఎత్తుకొచ్చింది. పిల్లప్ప మిరియాల కషాయం పెట్టమన్నాడు. దగ్గు తగ్గింది, దగ్గులు తగ్గుతాయి గనక. దాంతో పట్టా ఖాయమైంది. ఆ తర్వాత ఆయన చొక్కా జేబులో జ్వరం మాత్రలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. నేను డాక్టర్నని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. నోరు విప్పకుండా అబద్ధంతో పదేళ్ళు కాపురం చేశాడు.

అందరికంటే గట్టిగా నమ్మింది సొన్నమ్మ. తాను నేసి చదివించిన ఏడో తరగతి ఇంతదాకా వచ్చిందని ఆమె గర్వం. అందుకే ఊరందరికీ చెప్పగలిగేవాడేమో గాని ఆమెకు మాత్రం చెప్పలేకపోయాడు. ఇది ఆయన తరఫున నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మంచి మాట, ఇకమీద ఇంకొకటి ఉండదు.

2005లో ప్రొఫెసర్ అభిజిత్ అని కలకత్తా మనిషి మా సంస్థకు వచ్చారు. మాట తియ్యన, నడక వేగం. ఆయన పథకం ఇది. కేన్సర్ గడ్డలోకి టైటానియం పొడిని ఎక్కించాలి. గోడల రంగుల్లో తెలుపు కోసం కలిపేది కూడా అదే, కాకపోతే ఈ పొడి వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది. తర్వాత బయటినుంచి అల్ట్రాసౌండ్ తగిలించాలి. ఆ శబ్దం మన చెవికి వినపడదు గాని లోపలి పొడిని నిద్రలేపుతుంది. లేచిన పొడి చుట్టూ ఉన్న కణాలను చంపే రకం ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. శబ్దం తగిలినచోటే కణాలు చస్తాయి, మిగతా ఒంటికి ఏమీ కాదు. ఆలోచన మంచిదే, దాన్ని నేను వెక్కిరించడం లేదు. దాని చుట్టూ చేరిన మనుషులను వెక్కిరిస్తున్నాను, వాళ్ళలో నేనూ ఉన్నాను.

ప్రొఫెసరుగారు ఆలోచిస్తుంటే పని గీతాంజలి చేసేది. కడప పిల్ల, ఆయన దగ్గర పీహెచ్‌డీ విద్యార్థిని. గడ్డ పెంచిన ఎలుకలను నాలుగు గుంపులు చేసేది. ఒక గుంపుకు ఏమీ లేదు, ఒకదానికి పొడి, ఒకదానికి శబ్దం, ఒకదానికి రెండూ. పిల్లప్ప ఎలుకను పట్టుకుని, వెంట్రుకలు గొరిగి, జెల్లు రాసిస్తే ఆ అమ్మాయి మిషన్ పెట్టేది. రెండూ ఇచ్చిన గుంపులో గడ్డలు పెరగడం తగ్గింది, కొన్నిట్లో సగానికి సగం కుంచించుకుపోయాయి. ఆ అమ్మాయి ఎగిరి గంతేయలేదు.

"ఇది మనుషుల దాకా రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది పిల్లప్పన్నా. అదీ వస్తే" అంది. పిల్లప్ప ఊక మారుస్తూ విన్నాడు. అంటే ఆయనకు తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. ప్రయోగం మొదలైన ఇరవై ఒకటో రోజున గడ్డ లోపల ఏం జరిగిందో చూడాలి. చూడాలంటే కోయాలి, కోయాలంటే చంపాలి. ఎలుకలను గాజుపెట్టెలో పెట్టి గ్యాసు వదిలే పని పిల్లప్పది. ఆ రోజు ఆయన క్యాంటీన్‌లో చిత్రాన్నం ముట్టేవాడు కాదు. ఇంటి దగ్గర ఆ పని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

2007 జూన్‌లో మా డైరెక్టరుగారికి పేపర్లో పడాలనిపించింది. పత్రికలకు పంపే నోటు నేనే రాసి టైపు చేశాను. ఇది ఎలుకల్లో జరిగిందని మొదటి వాక్యంలోనే పెట్టాను. డైరెక్టరుగారు ఎలుకలను చివరి పేరాకు పంపారు. పేపరువాళ్ళు చోటు చాలక చివరి పేరాను కోసేశారు. ఇంతమందిమి తలా ఒక చెయ్యి వేసేసరికి 'కేన్సర్ గడ్డను కరిగించే శబ్దం, బెంగళూరు శాస్త్రవేత్తల ఘనత' అని అచ్చయింది. ఫోటోలో మిషన్ పక్కన ప్రొఫెసరుగారు, ఆయన భుజం వెనక తెల్లకోటులో పిల్లప్ప. ఆనేకల్‌లో మంగలి షాపువాడు ఆ ముక్కను కత్తిరించి అద్దం పక్కన అంటించాడు.

సొన్నమ్మ కుడి రొమ్ములో గడ్డ బయటపడింది కూడా అప్పుడే. సెనగగింజంత. తమ్ముణ్ణి కంగారుపెట్టడం ఎందుకని ఆమె ఒక్కతే పెద్దాసుపత్రికి వెళ్ళింది. చిన్నదేనమ్మా, గడ్డ వరకు తీసేసి తర్వాత రేడియేషన్ కరెంటు పెడితే సరిపోతుందని ఆపరేషను డాక్టరు చెప్పి జులై పదకొండుకు రమ్మన్నాడు. ఆమె సరేనంది. ఇంటికొచ్చాక ఎవరో పేపరు ముక్క చూపించారు. ఆ సాయంత్రం తమ్ముడు బస్సు దిగగానే అడిగింది.

"ఏంరా పిల్లప్పా, కోత లేకుండా మీ మిషన్‌తోనే అయిపోతాదంట గదా. పేపర్లో నువ్వే ఉండావే."

"ఉండాను అక్కా. మనుషుల వంతు ఇంకా రాలేదు."

"వస్తే?"

"వస్తే మొదటి వంతు నీదే."

ఒక్క మాట చెబితే పోయేదానికి ఈ మాట చెప్పాడు. జులై పదకొండున సొన్నమ్మ ఆసుపత్రికి పోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గం నేసింది.

ఇవన్నీ నాకు ఆయుధపూజ దాకా తెలియవు. పండగరోజు ఎవరిళ్ళలో వాళ్ళు పూజ చేసుకోవాలి గనక మా సంస్థలో ముందురోజే కానిచ్చేస్తారు. ఆ ఒక్కరోజు ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు. మిషన్లన్నీ తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టి, చామంతి దండలు వేస్తారు. గుమ్మం ముందు బూడిదగుమ్మడికాయ కొడతారు. తర్వాత బొరుగులు, బూందీ పంచుతారు. నేను క్రైస్తవుణ్ణి, ఏటా బూందీ పంచడం నా వంతు.

సొన్నమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ప్రొఫెసరుగారు పట్టు జుబ్బాలో ఉన్నారు. అల్ట్రాసౌండ్ మిషన్‌కు స్వయంగా బొట్టు పెట్టి, వచ్చీరాని కన్నడంలో ఇంటివాళ్ళందరికీ దాని మహిమ వివరించారు. ఎలుకలు ఆ వివరణలో చివరి పేరాలోకి కూడా రాలేదు. సొన్నమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"స్వామీ, మనుషులకెప్పుడు?"

"బేగ అమ్మా, బేగ" అన్నారాయన. త్వరలోనే అని. గీతాంజలి నేల చూసింది. ప్రొఫెసరుగారికి సొన్నమ్మ ఒంట్లో గడ్డ సంగతి తెలియదు, నిజమే. అడిగినవాళ్ళందరికీ ఆయన అదే మాట చెప్పేవారు. గ్రాంటు ఇచ్చేవాళ్ళకు పదేళ్ళని, ఇంటివాళ్ళకు బేగ అని.

అందరూ భోజనాలకు వెళ్ళాక రెండో బూందీ డబ్బా కోసం నేను వెనక్కి వచ్చాను. తలుపు దగ్గర ఆగిపోయాను. అక్కాతమ్ముళ్ళిద్దరే ఉన్నారు.

"ఒక్క నిమిషం నడపరా. ఎవురూ లేరు."

"ఈ పొద్దు నడపకూడదక్కా. పూజ చేసినంక రేపటి దాకా ఏ మిషన్నూ కదిలించం. నీ మగ్గమూ అంతే గదా."

పిల్లప్పకు ఇంతకంటే గట్టి ఆసరా దొరకదు. ఆయన మొహంలో ప్రాణం లేచొచ్చినట్టు కనిపించింది.

"నడపొద్దులే. ముట్టుకుంటే తప్పేముండాది" అంది సొన్నమ్మ. మిషన్‌లో ఒంటికి ఆనించే సబ్బుబిళ్ళంత ముక్కను, గంధం కుంకుమలతో సహా, తీగతో పాటు చేతిలోకి తీసుకుని పైట కిందకు పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. గోడ దగ్గర ప్లగ్గు పీకేసి ఉంది, దాని మీద కూడా ఎవరో ఒక పువ్వు పెట్టారు. పిల్లప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను బూందీ డబ్బా కోసం కూడా ఆగకుండా వెనక్కి నడిచాను.

ఆ సాయంత్రం ఆయన్ను నిలదీస్తే మొత్తం చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు మనిషివేనా? ఈ రాత్రికే చెప్పు" అన్నాను.

"చెబితే డాక్టరు పోతాడు గద సార్."

"చెప్పకపోతే అక్క పోతుంది."

ఆయన తల వంచుకుని రేపు చెప్తానన్నాడు. అక్టోబరులో రోజూ రేపు చెప్తానన్నాడు. నవంబరులో నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవాడు. అక్కడ సొన్నమ్మ, మిషన్ తగిలినప్పటినుంచి గడ్డ మెత్తబడుతోందని వీధంతా చెప్పుకుంటోంది. ఆనేకల్ బస్సు మా ఆఫీసు గేటు ముందే ఆగేది. రెండు నెలల్లో నేను ఒక్కసారి కూడా అది ఎక్కలేదు. ఆయన్ను తిట్టాను గనక నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

డిసెంబరులో ఒక పొద్దున గేటు దగ్గర్నుంచి కాపలావాడు ఫోన్ చేశాడు. ఎవరో ఒకామె డాక్టర్ పిల్లప్ప కావాలంటోంది, మన దగ్గర అలాంటి డాక్టరు లేడని ఎంత చెప్పినా కదలడం లేదు అన్నాడు. వెళ్ళి చూస్తే సొన్నమ్మ. వైద్యానికి ఉండిపోవడానికి వచ్చినట్టు చేతిసంచిలో రెండు చీరలు, పళ్ళెం, లోటా. పైట కింద గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత అయింది, దాని మీద చర్మం ముడుచుకుపోయింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది మనిషి సగమైందని మాత్రమే. నిబంధనలు పక్కనపెట్టి ఆమెను యానిమల్ హౌస్‌కు తీసుకెళ్ళాను. ఆ ముందురోజే ఒక విడతకు ఇరవై ఒకటో రోజు అయింది. కడిగి బోర్లించిన బోన్లు గోడ పొడుగునా ఆరుతున్నాయి. పిల్లప్ప మోచేతుల దాకా సబ్బు నురగతో ఉన్నాడు, ఒంటి మీద తెల్లకోటు.

ఆమె కేకలేయలేదు.

"వంతు రాలేదంటే రాలేదులే. నయమైన ఎలకను ఒక్కదాన్ని చూపీరా. అది మేత తింటాందా, పిల్లల్ని పెడ్తాందా, చూసిపోతా."

ఇంతకాలం పెద్ద పెద్ద కమిటీలు మా ప్రొఫెసరుగారిని అడగని ప్రశ్న అది. పిల్లప్ప నావైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

"నయమైనవి ఉండవక్కా."

"అంటే?"

"ఇరవై ఒకటో దినం అన్నిట్నీ చంపేస్తాం. గడ్డ తగ్గినవాట్నీ, తగ్గనివాట్నీ."

"ఎవురు చంపేది?"

"నేనే."

ఆమె బోర్లించిన బోన్ల వరసను ఈ చివరినుంచి ఆ చివరి దాకా చూసింది.

"ఇవన్నీ ఎవురు కడిగినారు?"

"నేనేక్కా. నా పని ఇదే. పద్నాలుగేండ్లుగా ఇదే."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆ కోటు ఇప్పు."

విప్పాడు. దాన్ని మడతలు పెట్టి సంచిలో చీరల మీద పెట్టుకుంది.

"పెద్దాసుపత్రికి పోదాం పా. ఆడ ఒక డాక్టరు ఉండాడు, చాలు."

ఆటోలో నేనూ ఎక్కాను. ఆలస్యంగానైనా ఎక్కానని చెప్పుకోవడానికి. ఆపరేషను డాక్టరు ఆమె కాగితాలు తిరగేసి, గడ్డ చూసి, జులైలో ఎందుకు రాలేదని అడిగాడు. సొన్నమ్మ వేలితో పక్కన నిలబడ్డవాణ్ణి చూపించింది.

"మా తమ్ముణ్ణి అడగండి సార్."

పిల్లప్ప చేతులు కట్టుకున్నాడు. "నేను ఎలుకల బోన్లు కడిగేవాణ్ణి సార్. ఆ మాట అక్కకు చెప్పేదానికి ఆరు నెల్లు పట్టింది."

మిషన్ సంగతి మొత్తం విని కూడా డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జులైలో అయితే గడ్డ వరకు తీసేవాణ్ణి, ఇప్పుడు రొమ్ము మొత్తం తీయాలి, చంకలో పాకినవి కూడా తీయాలి అన్నాడు. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక పేపరు ముక్క తీసి మా ముందు పెట్టాడు. మా ఘనతే అది.

"ఇది నమ్మి ఆలస్యంగా నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఈమె ఐదో మనిషి. రాకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. ఇలాంటివి ఎవరు రాస్తారో" అన్నాడు.

రాసినవాడు ఆయనకు మూరెడు దూరంలో నిలబడి చేతి గడియారం చూసుకున్నాడు. పిల్లప్పకు ఆరు నెలలు పట్టింది. నాకు ఇది రాసేదాకా పట్టింది.

ఆపరేషను అయింది, కరెంటు పెట్టారు, సొన్నమ్మ బతికింది. కుడిచెయ్యి మాత్రం వాచిపోయింది. మగ్గం తాడు లాగేది ఆ చేత్తోనే. ముప్పయ్యేళ్ళు నేసిన మనిషి మగ్గం దిగి, కండెలకు దారం చుట్టే రాట్నం ముందు కూర్చుంది.

ప్రొఫెసరుగారి వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది. చివర కృతజ్ఞతల్లో నిధులిచ్చినవాళ్ళు, కమిటీలు, మిషన్ కంపెనీ పేర్ల తర్వాత, జంతువులను సంరక్షించినందుకు పిల్లప్పకు ధన్యవాదాలు అని ఉంది. సంరక్షించినందుకు అని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పిల్లప్పకు చదివి వినిపిస్తే ఆయనకు రాలేదు.

మరుసటి మార్చిలో కొత్త కోట్లు వచ్చాయి. పాతది అప్పగిస్తేనే కొత్తది ఇవ్వాలి, మా దగ్గర పట్టుదలంతా ఇలాంటి చోట్లే. పిల్లప్ప వట్టి చేతులతో నా బల్ల ముందు నిలబడ్డాడు. కోటేదని అడిగితే, అక్క దగ్గర ఉంది, నేను అడగలేను సార్ అన్నాడు. ఆ ఆదివారం మొదటిసారి ఆనేకల్ బస్సెక్కాను. వీధిలో నన్ను చూసి ఒక ముసలాయన, డాక్టరుగారింటికా అని దారి చూపించబోయాడు. బస్టాండు నుంచి నా వెనకే వస్తున్న పిల్లప్ప, డాక్టరు లేడు తాతా, ఎలుకల బోన్లు కడిగేవాడుండాడు అన్నాడు. అలవాటైన గొంతుతోనే అన్నాడు. అక్క ఆయన చేత వీధిలో ఎంతమంది ముందు ఆ మాట అనిపించిందో మరి.

సొన్నమ్మ వసారాలో ఎడమచేత్తో రాట్నం తిప్పుతోంది. నాకు మంచినీళ్ళు ఇప్పించి, వచ్చిన పని అడిగింది. పాత కోటు కోసమని చెప్పాను. ఆమె రాట్నం ఆపింది. వాచిన చేతిని మెల్లగా పైకెత్తి రవిక మీద కుడివైపు తట్టింది. రెండువైపులా సమానంగానే ఉన్నట్టుంది చూడటానికి.

"ఈడ ఉండాది సార్. కత్తిరించి, మడత మీద మడత పెట్టి కుట్టుకున్నా. ఇన్నేండ్లకు ఆ కోటు ఒక రోగికి పనికొచ్చిందని రాసుకోండి."